మైనర్ లీగ్ ఆటగాడి వ్యాసం నిలబడాలంటే

అమెరికా బేస్‌బాల్‌లో మేజర్ లీగ్‌కు కింద ఉండే మైనర్ లీగ్‌లలో, డబుల్-ఏ స్థాయిలో ఆడుతున్న పిచ్చర్ (బంతి విసిరే ఆటగాడు) గురించి మీరు ఇంగ్లీషు వికీపీడియాలో రాసిన వ్యాసాన్ని తొలగించాలని ఎవరో ప్రతిపాదించారని, ఏం చేయాలని అడిగారు కదండీ. టెన్షన్ పడకండి. "మేజర్ లీగ్‌లో ఆడలేదు కాబట్టి వ్యాసం వద్దు" అనే వాదన ఒక్కటే చెల్లదు. స్టీవ్ డల్కౌస్కీ అనే పిచ్చర్ మేజర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు, కానీ ఆయన బంతి వేగం గురించి పత్రికలు దశాబ్దాలపాటు రాశాయి. 2008లో పిట్స్‌బర్గ్ పైరేట్స్ అనే మేజర్ లీగ్ జట్టుతో ఒప్పందం చేసుకున్న మన రింకూ సింగ్ (క్రికెటర్ కాదు), దినేష్ పటేల్ కూడా మైనర్ లీగ్ దాటలేదు. వాళ్లకీ వ్యాసాలున్నాయి.

అసలు చూసేది మూలాలనే. జట్టు వెబ్‌సైటు, గణాంకాల పేజీ, మ్యాచ్ రిపోర్టులో ఒక వాక్యం సరిపోవు. జట్టుతో సంబంధం లేని పత్రికలు మీ పిచ్చర్ గురించే వివరంగా రాసిన కథనాలు రెండు మూడైనా కావాలి. ఆయన సొంతూరి పత్రికలు, కాలేజీ రోజుల వార్తలు తప్పకుండా వెతకండి, చాలామంది అక్కడిదాకా వెళ్లకుండానే ఆగిపోతారు.

దొరక్కపోతే, మేజర్ లీగ్ జట్టు తాలూకు మైనర్ లీగ్ ఆటగాళ్ల జాబితాలో కలిపి దారిమార్పు (పాత పేజీ తెరిస్తే ఆ జాబితాకు తీసుకెళ్లే ఏర్పాటు) పెట్టమని తొలగింపు చర్చలో అడగండి. అలా చేస్తే మీరు రాసిన పాఠ్యం పేజీ చరిత్రలో ఉంటుంది. ఆయన రేపు పైస్థాయికి వెళ్లి పత్రికలు రాస్తే, దాన్నే మళ్లీ విడి వ్యాసంగా పెంచుకోవచ్చు.