మేనత్తకు రొమ్ము క్యాన్సర్... నాకూ వస్తుందా?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. మా మేనత్తకు 38 ఏళ్లకే రొమ్ము క్యాన్సర్ వచ్చింది. చికిత్స తర్వాత బాగానే ఉన్నారు. నానమ్మ అండాశయ క్యాన్సర్‌తో పోయారు. నాన్నకు ఏ జబ్బూ లేదు. ఆడవాళ్ల క్యాన్సర్ నాన్న వైపు నుంచి రాదని అందరూ అంటున్నారు. నేను జన్యు పరీక్ష చేయించుకోవాలా? మేనత్త కొడుకుతో నాకు సంబంధం మాట్లాడుతున్నారు. అదో టెన్షన్.
– ఒక సోదరి, గుంటూరు

జవాబు: నాన్న వైపు నుంచి రాదనేది అపోహ. రొమ్ము, అండాశయ క్యాన్సర్లు రెండూ ఒకే ఇంట్లో కనిపిస్తే మేం ముందు అనుమానించేది బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 జన్యువులనే. ఇవి ఉండేది ఆడ, మగ అని నిర్ణయించే క్రోమోజోముల మీద కాదు, 17, 13వ క్రోమోజోముల మీద. అందుకే వీటిలో లోపం ఉంటే అది ఆడ, మగ తేడా లేకుండా తల్లిదండ్రుల్లో ఎవరి నుంచైనా పిల్లలకు రావచ్చు. లోపమున్న మగవాళ్లలో చాలామందికి ఏ జబ్బూ రాదు కాబట్టి ఆరోగ్యంగా ఉన్న మీ నాన్నగారి ద్వారా కూడా అది మీకు చేరవచ్చు.

అలాగని కంగారు పడకండి. రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి 5 నుంచి 10 శాతమే. లోపం ఉన్న ఆడవాళ్లకు మాత్రం 80 ఏళ్లు వచ్చేలోపు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం 70 శాతం దాకా ఉంటుంది. అండాశయ క్యాన్సర్ ముప్పు బీఆర్‌సీఏ1తో సుమారు 44 శాతం, బీఆర్‌సీఏ2తో 17 శాతం. ఇంటర్నెట్‌లో ఇంతకన్నా భయపెట్టే అంకెలు కనిపిస్తాయి. అవి చాలావరకు ఇంట్లో నలుగురైదుగురికి జబ్బు వచ్చిన కుటుంబాలనే ఏరి చూసిన తొలి అధ్యయనాలవి.

పరీక్ష ముందు మీకు కాదు, మేనత్తకు చేయించాలి. ఇదే అసలు విషయం. ఆమెను వదిలేసి మీకు చేయిస్తే, లోపం లేదని వచ్చినా నిశ్చింతగా ఉండలేం. ఆ ఇంటి జబ్బుకు కారణమేమిటో తెలియకుండానే ఉండిపోతుంది. ఆమెలో ఫలానా లోపం దొరికితే మీలో దాన్నొక్కదాన్నే వెతికితే చాలు. అది లేకపోతే మీ ముప్పు దాదాపు మామూలు ఆడవాళ్లకు ఉన్నంతే. అది నానమ్మ నుంచి వచ్చిందనుకుంటే మీ నాన్నకు ఉండే అవకాశం సగం, మీకు పావు. రిపోర్టులో 'ప్రాముఖ్యం తేలని మార్పు' (హాని చేస్తుందో లేదో ఇంకా తెలియని జన్యు మార్పు) అని వస్తే దాన్ని బట్టి ఏ ఆపరేషనూ చేయించుకోకూడదు.

ఇక పెళ్లి సంగతి. మేనత్తలో లోపం ఉంటే మీ బావకూ సగం అవకాశం ఉంది. మీ ఇద్దరికీ బీఆర్‌సీఏ2 లోపం ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఫాంకోని అనీమియా వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఎముక మూలుగ దెబ్బతిని, చిన్న వయసులోనే క్యాన్సర్లు వచ్చే తీవ్రమైన జబ్బు అది. ముహూర్తం పెట్టుకునే ముందే ఇద్దరూ పరీక్ష చేయించుకోవడం మేలు. మేనరికం వద్దని నేను అనడం లేదు. తెలిసి నిర్ణయించుకోండి.

మీలో లోపం బయటపడితే ఏటా రొమ్ము ఎంఆర్‌ఐ, 30 దాటాక మామోగ్రామ్ కూడా తీయించుకోవాలి. అండాశయ క్యాన్సర్‌ను ముందుగా పట్టుకునే నమ్మకమైన పరీక్ష లేదు. అందుకే పిల్లలు పుట్టాక అండాశయాలు, ఫెలోపియన్ ట్యూబులు తీయించుకోమంటాం. బీఆర్‌సీఏ1 అయితే 35-40 ఏళ్ల మధ్య, బీఆర్‌సీఏ2 అయితే 40-45 మధ్య.

హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. వెళ్లేటప్పుడు మేనత్తను, ఆమె పాత బయాప్సీ రిపోర్టును వెంట తీసుకెళ్లండి.