దవడ పన్నుతో డీఎన్ఏ పరీక్ష: ఎవరి రక్తం ఇవ్వాలి?

ప్రశ్న: మాది గుంటూరు దగ్గర పల్లె. తమ్ముడు కనపడక నాలుగు నెలలైంది. కృష్ణలో దొరికిన ఒక శవాన్ని ముఖం చూసి గుర్తుపట్టలేకపోయాం. పోలీసులు దవడ పళ్ళు తీయించి శవాన్ని పూడ్పించారు. డీఎన్ఏ పరీక్షకు నా రక్తం ఇమ్మంటున్నారు. పన్నుతో తేలుతుందా? డెత్ సర్టిఫికెట్ ఉంటేనే ఇన్సూరెన్స్ డబ్బు ఇస్తామంటున్నారు.

జవాబు: తేలుతుంది. నీళ్ళలో నానితే కండ కుళ్ళిపోతుంది గానీ, పంటి పైనుండే గట్టి పూత, ఎనామెల్, లోపలి గుజ్జునీ డెంటీన్‌నీ (ఎనామెల్ కింది గట్టి పొర) చాలాకాలం కాపాడుతుంది. పంటి వేరు దవడ ఎముకలో దాగి ఉంటుంది కాబట్టి ల్యాబ్‌లో ముఖ్యంగా దాన్నే పొడిచేసి డీఎన్ఏ తీస్తారు. పుచ్చిపోని, రూట్ కెనాల్ చేయని పెద్ద దవడ పన్ను అన్నిటికన్నా మేలు.

మీ రక్తం ఒక్కటే ఇచ్చి ఊరుకోకండి. అన్నదమ్ములకు తల్లిదండ్రుల నుంచి వచ్చే డీఎన్ఏ భాగాలు ఒకేలా ఉండవు, అందుకే అన్న శాంపిల్‌తో రిపోర్టు తరచు బలహీనంగా వస్తుంది. అమ్మానాన్నలిద్దరిదీ ఇవ్వండి. వాళ్ళు లేకపోతే తమ్ముడి పిల్లలదీ, వాళ్ళ తల్లిదీ కలిపి ఇవ్వండి. తమ్ముడి భార్య రక్తం విడిగా దేనికీ పనికిరాదు, పిల్లల్లో తండ్రి వాటా ఏదో తేల్చడానికి మాత్రం కావాలి. అతను వాడిన టూత్‌బ్రష్, రేజర్ ఇంట్లో ఉంటే కడగకుండా కాగితం కవర్లో పెట్టి ఎస్సైకి ఇచ్చి రసీదు తీసుకోండి.

ఎక్కువగా చెడేది పన్ను భద్రపరచడంలోనే. శవపరీక్ష గదిలో అలవాటుగా ఫార్మలిన్ (శరీర భాగాలు కుళ్ళకుండా నిల్వచేసే ద్రవం) సీసాలో వేస్తే డీఎన్ఏ దెబ్బతింటుంది. తడిగా ప్లాస్టిక్ కవర్లో కట్టినా బూజు పడుతుంది. ఆరబెట్టి, కాగితం కవర్లో సీలు వేసి, క్రైమ్ నంబరు, తేదీ, డాక్టరు సంతకం ఉండాలి. ఇవన్నీ ఉన్నాయా అని ఎస్సైని రాతపూర్వకంగా అడగండి. శాంపిల్ తీసిన 48 గంటల్లో ల్యాబ్‌కు చేర్చాలనీ, చేతులు మారిన ప్రతిసారీ రిజిస్టరులో రాయాలనీ 2025 జులైలో ఒక తమిళనాడు కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ తీర్పు నేర విచారణ గురించే అయినా, మీ అర్జీలో దాన్ని చూపించవచ్చు.

తమ్ముడు ఎప్పుడైనా పంటి డాక్టరు దగ్గర ఎక్స్‌రే తీయించుకున్నాడా? ఆ ఫిల్ము ఉంటే ముందు అదే ఇవ్వండి, డీఎన్ఏ కన్నా త్వరగా పోలుస్తారు.

రిపోర్టులో ‘ఫలితం రాలేదు’ అని ఉంటే అది మీ తమ్ముడు కాదని అర్థం కాదు. మిగిలిన పన్ను పంపమని అర్జీ పెట్టండి. అదీ లేకపోతే బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 196 కింద శవాన్ని వెలికి తీయించమని ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటును కోరవచ్చు.

సరిపోలితే, ఆ మరణం ‘గుర్తుతెలియని వ్యక్తి’గా నమోదైందేమో ముందు చూసుకోండి. నమోదై ఉంటే జనన మరణ నమోదు చట్టం, 1969 సెక్షన్ 15 కింద సవరణ కోరాలి. అసలు నమోదే కాకపోతే, మరణించి ఏడాది దాటకముందే జిల్లా రిజిస్ట్రారు అనుమతికి వెళ్ళండి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఆర్డరు కావాలి. సరిపోలకపోతే మిస్సింగ్ కేసు మూయనివ్వకండి. ఏడేళ్ళ తర్వాత భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 111 కింద మరణించినట్టు కోర్టును ప్రకటించమని అడగాల్సి వస్తే, మొదటి ఆధారం ఆ ఫిర్యాదే.