కట్ట యాడుంది, గండి యాడుంది

నల్గొండ

తమ్మీ,

లక్షద్వీప్‌ల ఉన్న మినికాయ్ దీవికి పోవడానికి పర్మిట్ వచ్చిందని రాసినవు. మంచిది. దాంతోటి పంపిన నాగార్జునకొండ లాంచీ ప్రయాణం నాలుగు పేజీలు కూడ చదివిన. ముందు వాటి సంగతి చెప్త.

నాలుగు పేజీల్ల "ప్రశాంతం" అనే మాట ఆరుసార్లు పడ్డది. నీళ్లు ప్రశాంతం, గాలి ప్రశాంతం, ఆఖరికి టికెట్లు ఇచ్చే కౌంటర్ కూడ ప్రశాంతమే. చదివేటోనికి దాంట్ల ఏం కనపడలే. 124 మీటర్ల ఎత్తు కట్ట కృష్ణను నిలబెట్టింది, చుట్టు గుట్టలు గాలిని అడ్డుకున్నయి, అందుకే లాంచీ ఊగలే. ఇంత రాస్తే "ప్రశాంతం" అక్కర్లేకనే నీళ్ల నిమ్మళం చదివేటోనికి అందుతది. నీళ్లు ఎందుకు ఊరుకున్నయో తెలవకుంట వాటి అందం మీద రాయకు. మినికాయ్ మీద రాయబోయేదానికి కూడ నేను చెప్పేది ఇదే, మిగిలినదంతా దీని వివరమే.

ఆ దీవి ఫొటోలు చూసే ఉంటవు. తెల్ల ఇసుక, కొబ్బరిచెట్లు, తెల్లని లైట్‌హౌస్. పోయినోళ్లంతా అదే రాస్తున్నరు. సముద్రం కాడ పుట్టినోనికి లేని ఒక సౌలత్ నీకుంది. నువ్వు చెరువు కింద పెరిగినవు. కట్ట, అలుగు, తూము, గండి, ఈ మాటలు నీకు పుస్తకాల నుంచి రాలే. వాటిని తీస్కపో.

మినికాయ్ పడమటి దిక్కు లోపలి నీళ్లల్ల నడుము లోతున నిలబడితే నీ కాలిగోర్లు నీకు కనపడుతయి. తల ఎత్తి దూరంగ చూస్తే ఒక తెల్లగీత, అక్కడి నుంచి ఆగకుంట మోత. ఆ గీత కిందనే కట్ట ఉంది, పగడాల దిబ్బ. లోతు నీళ్లల్ల అలకు అడ్డం లేదు. నీళ్ల లోతు అల ఎత్తుకు ఒకటింబావు వంతు దాకా తగ్గిందంటే అల నిలవలేక కూలుతది. అంటే రెండు మీటర్ల అల సుమారు రెండున్నర మీటర్ల లోతు కాడ విరుగుతది. దిబ్బ అంచు మీద జరిగేది అదే. అల బలమంతా అక్కడ నురగైపోతది, లోపలికి వచ్చేది మిగిలిన నీళ్లు మాత్రమే.

ఆ నీళ్లు ఎటు పోవాలె? దిబ్బకు అక్కడక్కడ గండ్లు ఉంటయి, పడవలు వచ్చిపోయేది కూడ వాటిల్లనుంచే. కట్ట మీదికెళ్లి దుంకి వచ్చిన నీళ్లన్నీ ఆ సందులకెళ్లి బయటికి పోతయి. సముద్రం దిగే టైముల గుంజుడు ఇంకా ఎక్కువ. పైకి చూస్తే అక్కడ నురగ ఉండదు, అలలు ఉండవు, అన్నిటికన్నా నిమ్మళమైన జాగ అదే అనిపిస్తది. కొత్తోళ్లు మోసపోయేది అక్కడనే. గండి దిక్కు ఈతకు పోవద్దు. ఎప్పుడన్న నీళ్లు గుంజుతున్నట్టు అనిపిస్తే ఎదురీదకు, అలిసిపోతవు. గుంజే దిక్కుకు అడ్డంగ ఈది పక్కకు తప్పుకో, చెయ్యి ఎత్తి పిలువు.

చెరువు పోలిక ఎంతవరకు పనికొస్తదో, ఎక్కడ తెగుతదో కూడ రాయాలె. మన కట్ట నీళ్లను లోపల ఆపుతది, ఈ కట్ట సముద్రాన్ని బయట ఆపుతది. మన కట్టకు మట్టి పోసింది మనుషులు. ఈ కట్ట కట్టింది గోరంత కూడ లేని జీవాలు, సున్నం పేర్చుకుంట, తరాల మీద తరాలు. నీళ్లు మామూలు కన్నా వేడెక్కితే అవి తమల ఉండే నాచును వదిలేసి తెల్లబడుతయి. వేడి తగ్గకపోతే చచ్చిపోతయి. 1998ల, 2010ల, 2016ల లక్షద్వీప్ పగడాలు అట్ల తెల్లబడ్డయి. కట్ట చస్తే లోపలి నిమ్మళం ఎన్ని రోజులు ఉంటదో నీ వ్యాసం చదివినోడు ఆలోచించాలె, నువ్వు గట్టిగ చెప్పకున్న సరే.

ఇంకొకటి చెప్పకుంట ఉండలేను. ఆ పగడాల కింద మునిగిపోయిన అగ్నిపర్వతాల రాయి ఉంది. భూమి లోపల ఏ వేడి సుమారు 6.6 కోట్ల ఏండ్ల కింద దక్కన్ నల్లరాయి పరుపును కక్కిందో, ఆ వేడే తర్వాత లక్షద్వీప్, మాల్దీవుల కింది గట్టును కూడ కట్టిందని భూగర్భ శాస్త్రం చెప్తది. ఆ పరుపు మన వికారాబాద్ దాకా వచ్చి ఆగింది. ఉత్సాహంల నల్గొండ గుట్టలను దీంట్ల కలపకు. మన గుట్టలు గ్రానైట్, ఈ కథ కన్నా ఎంతో పాతయి.

ఇసుక గురించి ఒక్క మాట. "పాలలాంటి ఇసుక" అని రాసేముందు చిటికెడు అరచేతిల వేసుకుని నిమ్మరసం పిండు. బుసబుస పొంగుతది, ఎందుకంటె అది రాయి పొడి కాదు, పగడం, గవ్వ అరిగిన సున్నం. కృష్ణ ఇసుక మీద పిండు, చప్పుడు చెయ్యదు. చూసినంక ఆ చిటికెడు అక్కడనే పడెయ్. పగడం ముక్క గిట్ల సంచిల వేసుకుని రావద్దు. 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉన్న జీవి అది.

నీళ్ల రంగు సంగతి గంట గంటకు మారుతది. సూర్యుడు నెత్తి మీద ఉన్నప్పుడు, అంటే పది నుంచి రెండు దాకా, కింద ఇసుక యాడుంది, పగడం యాడుంది, గడ్డి యాడుంది అని పైనుంచి విడివిడిగ కనపడుతది. పొద్దు వాలినంక నీళ్లు అద్దమై మెరుపు ఒక్కటే మిగులుతది. అందుకని పొద్దున ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి అదే జాగల నిలబడి రాయి. టైము పక్కన నీళ్లు ఎక్కుతున్నయా, దిగుతున్నయా రాసుకో. ఎక్కితే పోటు, దిగితే పాటు. సాగర్ మట్టం మారాలంటే వానాకాలం రావాలె, సముద్రం రోజుకు రెండుసార్లు మారుతది, ఇయ్యాల్టి పోటు రేపు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగ వస్తది. అమావాస్య, పౌర్ణమి రోజులల్ల ఎక్కుడు దిగుడు ఎక్కువ. పోటు మీద దిబ్బ పైన నీళ్లు పెరుగుతయి కాబట్టి అలలు కొంత లోపలికి కూడ వస్తయి. పొద్దున అద్దంలాగ ఉన్న బీచ్ సాయంత్రం ఎందుకు కదులుతున్నదో ఇది తెలవకుంటే నీకు అర్థం కాదు, "సముద్రానికి కోపం వచ్చింది" అని రాసి ఊరుకుంటవు.

ఇగ లైట్‌హౌస్. దీవి నైరుతి కొసకు ఉంటది, 1885ది. అంత చిన్న దీవిల అంత పొడుగు స్తంభం ఎందుకు లేపిన్రో మ్యాప్ చూస్తే తెలుస్తది. ఉత్తరాన తొమ్మిది డిగ్రీల కాలువ (తవ్వింది కాదు, దీవుల నడుమ సముద్రపు దారి), దక్షిణాన మాల్దీవులకూ దీనికీ నడుమ ఎనిమిది డిగ్రీల కాలువ. 1869ల సూయెజ్ కాలువ తెరిచినంక ఏడెన్ నుంచి కొలంబో పోయే ఓడలకు ఇది దారి. భువనగిరి గుట్ట లాంటిది ఒక్కటి ఉన్నా దూరం నుంచి ఓడకు ఆనవాలు దొరికేది. దీవి మాత్రం నీళ్లకు కొన్ని మీటర్లే పైన ఉంటది, కొబ్బరిచెట్లు కనపడే సరికి ఓడ దిబ్బ మీదికే వచ్చేసి ఉంటది. ఆ స్తంభం మనుషులు కట్టుకున్న గుట్ట అనుకో.

ఎక్కేటప్పుడు మెట్లు లెక్కపెట్టు, ఒక మెట్టు ఎత్తు చిన్న స్కేలుతోటి కొలువు. మాటవరసకు 200 మెట్లు, మెట్టు 18 సెంటీమీటర్లు అయితే 36 మీటర్లు. మీటర్లల్ల ఎత్తుకు వర్గమూలం తీసి 3.57తోటి గుణిస్తే ఎన్ని కిలోమీటర్ల దూరం దాకా నీళ్లు కనపడుతయో వస్తది. 36కు అది 21 కిలోమీటర్ల పైన. ఒడ్డున నిలబడ్డ మనిషికి నాలుగున్నరే. 16 మీటర్ల ఎత్తుల నిలబడ్డ ఓడ కెప్టెన్‌కు తన వాటా 14 కలుస్తది కాబట్టి, ఆ దీపం సుమారు 36 కిలోమీటర్ల దూరాన నీళ్ల అంచు మీద మెరుస్తది. "ఆకాశాన్ని తాకే స్తంభం" అనే మాట కన్నా ఈ లెక్కల ఎక్కువ కవిత్వం ఉందని నా అభిప్రాయం.

పైన దీపం చూసి నిరాశపడతవు, అది చాన చిన్నది. గొప్పతనమంతా చుట్టున్న అద్దాలది. ఫ్రెనెల్ అనే ఫ్రెంచ్ ఇంజనీరు 1820లల్ల పట్టిన ఉపాయం అది: మందపాటి కటకం బదులు గాజు మెట్లు మెట్లుగ పేర్చి, నాలుగు దిక్కులకు చెదిరే వెలుగును అడ్డంగ ఒక్క పట్టీలాగ మలిచిండు. అట్లాంటి అద్దాలున్న లైట్‌హౌసులల్ల పగలు పరదాలు ఎందుకు కడతరో అక్కడోళ్లను అడుగు. అదే అద్దం ఎండను లోపలికి గుమ్మరించి మంట పెట్టగలదు. చూసే వేళలు దిగంగనే కనుక్కో, చాన తావుల సాయంత్రం కొన్ని గంటలే ఎక్కనిస్తరు. ఆఖరి నిచ్చెన నిలువుగ ఉంటే దిగేటప్పుడు మొఖం నిచ్చెన దిక్కే ఉండాలె, చేతుల ఫోన్ ఉండొద్దు.

రాత్రి కింద కూసుని మెరుపు లెక్కపెట్టు. ఒక మెరుపు మొదలు నుంచి మళ్ల అదే వరుస మొదలయ్యేదాకా ఎన్ని సెకన్లు? పదిసార్లు చూసి సగటు తియ్యి. ప్రతి లైట్‌హౌస్‌కు తన వరుస వేరే, నావికుడు దాన్ని బట్టే ఇది ఏ దీపమో గుర్తుపడతడు. వెలుగు మీద రాసినోళ్లు వేలమంది, చీకటి ఎన్ని సెకన్లు ఉంటదో రాసినోళ్లు తక్కువ.

మనుషుల మీద రాయడానికి నీకు టైము చాలదు, చాలినట్టు నటించకు. అక్కడి మాట మహల్, మిగిలిన లక్షద్వీప్ లాగ మలయాళం కాదు. లిపి కుడి నుంచి ఎడమకు పోతది. ట్యూనాను గాలం కర్రతోటి పడతరు, దానికి కావలసిన బతికున్న ఎర చేపలు లోపలి నీళ్లల్ల దొరుకుతయి. చూసినవా, కట్ట మళ్ల వచ్చింది. ఉడికించి, పొగపెట్టి, ఎండబెట్టిన చేపను "మాస్" అంటరు. వాసన రాయి, ముక్కు మూసుకున్నట్టు రాయకు. ఫొటో తీసేముందు అడుగు.

శబరి ఎక్స్‌ప్రెస్ నల్గొండ మీదికెళ్లే పోతది, ఎర్నాకుళంల దిగు. అక్కడి నుంచి ఓడల దాదాపు 400 కిలోమీటర్లు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా సముద్రం బాగ లేస్తది, ఆ నెలలు వదిలెయ్. రానుపోను తేదీలకు అటు ఇటు రెండు మూడు రోజులు ఖాళీ పెట్టుకో, ఓడ నీ సెలవును చూసి నడవదు. బాల్‌పెన్ తడి కాయితం మీద రాయదు, పెన్సిళ్లు తీస్కపో. పట్టీలున్న రబ్బరు చెప్పులు ఉండాలె, పగడం గీరితే పుండు తొందరగ మానదు. ఫోన్ కెమెరా మీద ఉప్పు పొర పేరుతది, పొడిగుడ్డతోటి రుద్దితే గీతలు పడతయి, మంచినీళ్లతోటి తడిపిన గుడ్డ వాడు.

మొదటి పేరా లైట్‌హౌస్‌తోటి మొదలుపెట్టకు, అందరూ అట్లనే చేస్తరు. ఓడ బయట ఆగి నిన్ను చిన్న పడవలకు మార్చిన్రనుకో, ఆ పడవ గండిల దూరే నిమిషం పట్టుకో. ఎగిరెగిరి పడుతున్న పడవ ఏ క్షణాన ఊగుడు ఆపింది, నీళ్ల రంగు ఎక్కడ మారింది, పడవ నడిపేటాయన చెయ్యి ఏం చేసింది. అప్పటికప్పుడు రాయలేవు, ఒడ్డు ఎక్కంగనే రాయి.

రాసి పంపేటప్పుడు నోటుబుక్కు పేజీల ఫొటోలు కూడ పంపు, తడిసి చెదిరినయైనా సరే.

నీ అన్న