పదివేల దిర్హమ్‌లు చాలుతాయా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది పర్లాకిమిడి. మా ఆయన ఎలక్ట్రికల్ ఇంజనీరు. దుబాయ్‌లోని ఒక కాంట్రాక్టు కంపెనీ నెలకు 12,000 దిర్హమ్‌లకు ఆఫర్ లెటర్ పంపింది. అందులో బేసిక్ 5,000, ఇంటికి 4,000, మిగతావి 3,000. కుటుంబం మారడానికి 10,000 దిర్హమ్‌లు ఒకేసారి చేతికిస్తారట. వద్దంటే టికెట్లు, వీసాలు, సామాను అన్నీ కంపెనీయే చూస్తుందట. ఏదో ఒకటి వారంలో తేల్చి చెప్పమన్నారు. పాప 7వ తరగతి, బాబుకు మూడేళ్లు. మా పెళ్లి పాతపట్నంలో అయింది, అక్కడే రిజిస్టర్ చేయించాం. అత్తగారికి 68 ఏళ్లు, ఆవిడ ఊళ్లోనే ఉంటానంటున్నారు. డబ్బు తీసుకోవడం మేలా? అందరం ఒకేసారి వెళ్లాలా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక సోదరి, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదువుతుంటే 2007లో గుణుపురంలో సామాను కట్టుకున్న రోజులు గుర్తొచ్చాయి. మా వారి కంపెనీ కూడా మారే ఖర్చు ఇస్తామంది. కానీ ముందు మేం పెట్టుకోవాలి, బిల్లులు చూపిస్తే తర్వాత ఇస్తారు. నా గాజులు కుదువ పెట్టి వెళ్లాం. లారీవాడు తెల్ల కాగితం మీద రాసిచ్చిన రసీదు చెల్లదన్నారు, మా తమ్ముడి పేరున ఉన్న టికెట్ బిల్లు చెల్లదన్నారు. గాజులు విడిపించుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది. తర్వాత నేనే షార్జాలో ఒక కంపెనీలో ఉద్యోగుల వ్యవహారాలు చూసే విభాగంలో పదకొండేళ్లు పనిచేశాను. కొత్తగా వచ్చే కుటుంబాల కాగితాలన్నీ నా టేబుల్ మీదకే వచ్చేవి. వాళ్లలో ఎక్కువమంది ఇబ్బంది పడింది జీతం చాలక కాదు, మొదటి రెండు నెలలకు చేతిలో డబ్బు లేక.

దుబాయ్‌లో అద్దె మనలా నెలనెలా కట్టరు. ఏడాది అద్దెకు ముందే చెక్కులు రాసివ్వాలి, ఒకటో, రెండో, నాలుగో. ఏడాదికి 60,000 దిర్హమ్‌ల ఇల్లు అనుకుందాం. నాలుగు చెక్కులకు ఒప్పుకున్నా మొదటిదే 15,000. అడ్వాన్సు డిపాజిట్ 5 శాతం, అంటే 3,000. బ్రోకరుకు మరో 5 శాతం, ఇంకో 3,000. అపార్ట్‌మెంట్‌కు కరెంటు, నీళ్ల డిపాజిట్ 2,000. తాళం చేతికి రాకముందే 23,000 అయింది. ఇంట్లో చాప కూడా ఉండదు అప్పటికి. పైగా చెక్‌బుక్ కావాలంటే బ్యాంకు ఖాతా ఉండాలి, ఖాతాకు ఎమిరేట్స్ ఐడీ, అంటే అక్కడి గుర్తింపు కార్డు కావాలి, అది రావాలంటే మెడికల్ పరీక్ష, రెసిడెన్సీ వీసా పూర్తి కావాలి. అన్నాళ్లూ ఎక్కడుంటారు?

అందుకే ఒకేసారి ఇచ్చే పదివేలు తీసుకోవద్దు. టికెట్లు, మీ ముగ్గురి వీసాలు, మొదటి నెల బస కంపెనీనే చూడమనండి. సామాను రవాణా మాకు అక్కర్లేదు, దానికి బదులు అద్దెకు అడ్వాన్సు ఇచ్చి జీతంలోంచి పది, పన్నెండు వాయిదాల్లో పట్టుకోండి అని అడగండి. నేను పనిచేసిన చోట ఇలా అడిగినవాళ్లకు చాలాసార్లు ఇచ్చేవాళ్లం, అడగనివాళ్లకు మాత్రం మేమై చెప్పేవాళ్లం కాదు. సామాను గురించి బెంగ వద్దు. అక్కడి కరెంటు మన వోల్టేజీకి దగ్గరే, మిక్సీ తీసుకెళ్తే ప్లగ్గు ఒక్కటి మారిస్తే చాలు. మంచాలు, బీరువాలు అత్తగారి దగ్గరే ఉంచండి.

ఫోన్లో చెప్పిన మాట ఏదీ లెక్కలోకి రాదు. ఆఫర్ లెటర్‌లో మీ పేరు, పిల్లల పేర్లు, టికెట్లు ఎన్ని నెలల లోపు వాడుకోవచ్చో ఉండాలి. ఆరోగ్య బీమా సంగతి విడిగా అడగండి. దుబాయ్‌లో ఉద్యోగికి బీమా చేయించే బాధ్యత కంపెనీది, భార్యాపిల్లలది మాత్రం వాళ్లను స్పాన్సర్ చేసే మనిషిది, అంటే మీ వారిది. కంపెనీ కుటుంబానికి కూడా కట్టేలా రాయించుకుంటే మీకు పెద్ద ఖర్చు తప్పుతుంది. రెండేళ్లలోపు మానేస్తే మీరు మారడానికి పెట్టిన ఖర్చు వెనక్కివ్వాలనే షరతు ఉందేమో చూడండి. ఉంటే, కంపెనీయే తీసేస్తే అది వర్తించదనీ, పనిచేసిన నెలలకు తగ్గట్టు ఆ మొత్తం తగ్గుతూ వస్తుందనీ రాయించండి.

ఇంకోటి, బేసిక్ 5,000 నాకు తక్కువగా అనిపించింది. అక్కడ గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం మానేటప్పుడు చేతికొచ్చే సొమ్ము, బేసిక్ మీదే లెక్క, మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజులది. మీ వారికి ఏడాదికి 3,500 వస్తుంది. మొత్తం జీతం అంతే ఉంచి బేసిక్ 7,000 చేస్తే 4,900 అవుతుంది. మధ్యలో ఏజెంటు ఎవరైనా ఉంటే, మన దేశంలో లైసెన్సున్న ఏజెంటు కూడా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. వర్క్ పర్మిట్ ఖర్చు ఉద్యోగి నుంచి రాబట్టడం అక్కడి చట్టం ఒప్పుకోదు.

ఇక కుటుంబ వీసాకు కావలసిన కాగితాలు. ఆంధ్ర, ఒడిశా సరిహద్దులో ఉన్నవాళ్లకి ఇక్కడే అసలు చిక్కు. ఏ రాష్ట్రం ఇచ్చిన కాగితాన్ని ఆ రాష్ట్ర ప్రభుత్వమే ధ్రువీకరించాలి, ఆ తర్వాత మన విదేశాంగ శాఖ, ఆపైన ఎమిరేట్స్ ఎంబసీ. మీ పెళ్లి సర్టిఫికెట్ పాతపట్నంలో తీసుకున్నారు కనుక అది ఆంధ్ర వైపు, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు పర్లాకిమిడివైతే ఒడిశా వైపు. రెండు రాష్ట్రాల్లో రెండు పనులు, వీటి ఖర్చు కంపెనీనే అడగండి. దీనికన్నా ముందు పేర్లు సరిచూడండి. ఒడియాలో మన 'వ' చాలాసార్లు 'బ' అయిపోతుంది. వెంకటరావు కాస్తా ఇంగ్లీషు అక్షరాల్లో 'బెంకట రావ్' అవుతాడు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడిశా రికార్డుల్లో అది చివరికి పోతుంది. మా అక్క కొడుకు బర్త్ సర్టిఫికెట్‌లో తండ్రి పేరు అలాగే పడి, పాస్‌పోర్టుతో కలవక వాళ్ల వీసా మూడు నెలలు ఆగింది. ఆ మూడు నెలలూ అక్క ఇక్కడ, బావ అక్కడ. ఒక్క అక్షరం తేడా కనిపించినా స్టాంపులు వేయించకముందే మున్సిపాలిటీలో దిద్దించండి.

అందరూ ఒకేసారి వద్దు. మీ వారిని ముందు వెళ్లి ఇల్లు, బ్యాంకు చూసుకోనివ్వండి. అక్కడి ఇండియన్ స్కూళ్లు ఏప్రిల్‌లో మొదలవుతాయి. పాప 7వ తరగతి పరీక్షలు ఇక్కడే రాసి, టీసీ తీసుకుని, దాన్ని కూడా ధ్రువీకరణ చేయించి వెళ్తే ఏడాది చెడదు. అరబిక్ 9వ తరగతి వరకు నేర్చుకోవాలి, ఆ సంగతి పాపకు ఇప్పుడే చెప్పండి. తెలుగు, ఒడియా, హిందీ, ఇంగ్లీషు నాలుగూ వచ్చిన మన పిల్లలు దానికి భయపడగా నేను చూడలేదు. ఫీజులో కంపెనీ వాటా ఎంతో అడగండి, వాళ్లు ఇవ్వం అంటే మీ బడ్జెట్‌లో ముందే రాసుకోండి.

అత్తగారి విషయం మీరు ఉత్తరం చివర ఒక్క మాటలో రాశారు గానీ, మీ నిద్ర చెడగొడుతున్నది అదేనేమో అనిపించింది. ఏటా సెలవుకు ఊరికి టికెట్ ఇవ్వాలని అక్కడి చట్టంలో లేదు, ఒప్పందంలో ఉంటేనే వస్తుంది. నలుగురికీ ఏడాదికోసారి రానూపోనూ టికెట్లు రాయించండి. మిగతా వాటిలో ఒకటి రెండు వదులుకున్నా సరే, దీన్ని మాత్రం వదలొద్దు. ఏడాది పని తర్వాత 30 రోజుల సెలవు ఎలాగూ ఉంటుంది. ఆవిడకూ ఇప్పుడే పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టించండి, చలికాలంలో విజిట్ వీసా మీద మనవల దగ్గర కొన్నాళ్లు ఉండి వస్తారు.

గడువు వారమే కాబట్టి రేపే కంపెనీకి ఈమెయిల్ పెట్టించండి. పాప బర్త్ సర్టిఫికెట్, మీ వారి పాస్‌పోర్టు పక్కపక్కన పెట్టి, అక్షరం అక్షరం మీరే చదవండి.