ముందు చక్రం హోరు: బేరింగ్ ఇంటి దగ్గర మార్చుకోవచ్చా?

ప్రశ్న: మా చిన్న కారు కొని తొమ్మిదేళ్లయింది. వేగం గంటకు 50 కిలోమీటర్లు దాటగానే ముందువైపు నుంచి హోరు మొదలై, వేగంతోపాటు పెరుగుతోంది. వీల్ బేరింగ్ అరిగిందని మెకానిక్ చెప్పారు. పానాలు పట్టడం నాకు అలవాటే. వీడియోల్లో సుత్తితో కొట్టి పాత బేరింగ్ ఊడదీసి, కొత్తది దింపేస్తున్నారు. నేనూ అలా చేయవచ్చా? (ఒక పాఠకుడు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం)

జవాబు: విప్పడం, తిరిగి బిగించడం మీరే చేసుకోవచ్చు. బేరింగ్‌ను నొక్కి కూర్చోబెట్టే పనిని మాత్రం హైడ్రాలిక్ ప్రెస్ ఉన్న లేత్ షాపుకు అప్పగించండి.

అన్నిటికంటే ముందు, పోయింది బేరింగేనా అన్నది తేల్చుకోవాలి. హెచ్చుతగ్గులుగా అరిగిన టైరు కూడా అచ్చం ఇలాగే మోగుతుంది. కాకపోతే నున్నటి తారు మీద నుంచి గరుకు రోడ్డు మీదికి వెళ్లినప్పుడు టైరు చప్పుడు మారుతుంది, బేరింగ్ హోరు మారదు. జాతీయ రహదారి మీద పొడవైన వంపులో కారు కుడికి తిరిగేటప్పుడు బరువు ఎడమ చక్రాల మీద పడుతుంది కనుక, అప్పుడు హోరు పెరిగితే ఎడమ బేరింగ్‌ను అనుమానించాలి. ఆ తరువాత చక్రాన్ని పైకి లేపి, పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి. ఆట (వదులుగా కదలడం) కనిపిస్తే ఇంట్లో ఒకరిని బ్రేకు తొక్కమని మళ్లీ ఊపండి; ఆట పోతే బేరింగ్‌దే తప్పు, పోకపోతే బాల్ జాయింట్‌ను (సస్పెన్షన్‌లోని గుండ్రటి కీలును) చూడాలి. ఒక చేయి సస్పెన్షన్ స్ప్రింగు మీద ఉంచి మరో చేత్తో చక్రం తిప్పితే, అరిగిన బేరింగ్ గరగర వేళ్లకు స్పష్టంగా తెలుస్తుంది.

కారును జాకీ మీద మాత్రమే నిలిపి ఏ పనీ చేయకండి. గట్టి, సమతలమైన సిమెంటు నేల మీద స్టాండు పెట్టి, వెనుక చక్రాలకు అడ్డు వేయాలి. ఇసుక నేలలో, సెల్లారు వాలులో ఈ పని తలపెట్టవద్దు.

యాక్సిల్ నట్‌ను (చక్రం నడిమధ్య ఉండే పెద్ద నట్‌ను) చక్రం నేల మీద ఉండగానే బ్రేకు తొక్కించి వదులు చేయండి, కానీ ఆ తరువాత కారును అంగుళం కూడా దొర్లించకూడదు. బ్రేకు క్యాలిపర్‌ను దాని గొట్టానికి వేలాడనివ్వక తీగతో స్ప్రింగుకు కట్టాలి. సముద్రపు గాలికి మన ఊళ్లో బోల్టులు పట్టేసి ఉంటాయి కనుక తుప్పు వదిలించే స్ప్రేను ముందురోజు రాత్రే కొట్టి ఉంచడం మంచిది. నకుల్‌ను (బేరింగ్ కూర్చునే లోహపు దిమ్మెను) స్ట్రట్‌కు (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన భాగానికి) పట్టి ఉంచే రెండు బోల్టుల స్థానాన్ని విప్పకముందే పెయింటుతో గుర్తు పెట్టుకోండి. పని అయ్యాక ఎలాగూ వీల్ అలైన్‌మెంట్ చేయించాల్సిందే. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) సెన్సర్‌ను తుప్పు పట్టిన గూట్లోంచి బలవంతంగా లాగితే విరుగుతుంది, దాని వైరు ప్లగ్గును విప్పడమే మేలు.

ఇక సుత్తి సంగతి. దెబ్బ బేరింగ్ ఒక రింగు మీద పడి, మధ్యలోని ఉక్కు గుళ్ల మీదుగా రెండో రింగుకు చేరినప్పుడు, ఆ గుళ్లు నడిచే దారిలో కంటికి ఆనని గుంటలు పడతాయి. బేరింగ్ చేత్తో తిప్పితే నున్నగానే తిరుగుతుంది, రోడ్డెక్కిన కొన్నాళ్లకే మళ్లీ హోరు మొదలవుతుంది. అందుకే నకుల్‌లోకి నొక్కేటప్పుడు బలం బయటి రింగు మీదే పడాలి. ఆ తరువాత హబ్‌ను (చక్రాన్ని బిగించే భాగాన్ని) దూర్చేటప్పుడు లోపలి రింగుకు వెనుక నుంచి ఆసరా ఉండాలి. గాజువాక ఆటోనగర్‌లో పని చేయించినా, మీ వీధి చివర చేయించినా, ఈ రెండూ పక్కన నిలబడి చూడండి. ప్రెస్ ఎక్కించే ముందు సర్‌క్లిప్ (బేరింగ్ జారకుండా పట్టి ఉంచే స్ప్రింగు రింగు) తీశారో లేదో కూడా చూడాలి, లేకుంటే నకులే పగలవచ్చు. పాత లోపలి రింగు సగం హబ్‌కే అతుక్కుని రావడం మామూలే, దాన్ని పుల్లర్‌తో తీస్తారు. కొత్త బేరింగ్‌కు ఏబీఎస్ అయస్కాంత వలయం ఉంటే ఆ ముఖం సెన్సర్ వైపే ఉండాలి. తారుమారైతే డ్యాష్‌బోర్డులో హెచ్చరిక దీపం వెలుగుతుంది, పని మొదటినుంచి చేయాలి.

చివరగా యాక్సిల్ నట్ కొత్తది వేసి, మీ కారు సర్వీసు మాన్యువల్‌లో ఉన్న అంకెకు టార్క్ రెంచ్‌తోనే (బిగింపు బలాన్ని కొలిచే పానాతోనే) బిగించండి. ఇంపాక్ట్ గన్‌తో ఊదరగొట్టడం కొత్త బేరింగ్‌కు చేటు. మీ కారుకు బోల్టులతో బిగించే హబ్ యూనిట్ ఉంటే మాత్రం అదృష్టవంతులు: ప్రెస్ అవసరమే లేదు, అంతా ఇంటి దగ్గరే అయిపోతుంది.

ప్రశ్న: వానల్లో మా కారు చక్రాలు సగం దాకా నీళ్లలో మునిగాయి. బేరింగ్‌లలో కొత్త గ్రీజు నింపించాలా? (ఒక పాఠకురాలు, జ్ఞానాపురం, విశాఖపట్నం)

జవాబు: ఇప్పటి చాలా కార్ల ముందు బేరింగ్‌లు మూసి ఉన్నవి, వాటిలో గ్రీజు నింపే వీలు ఉండదు. నడిచి వేడెక్కిన హబ్ చల్లటి నీటిలో మునిగినప్పుడు లోపలి గాలి కుంచించుకుని, సీలు పక్క నుంచి నీటిని లోపలికి లాగుతుంది. తడిసిన గ్రీజు పట్టు తప్పి, గుళ్లకు తుప్పు మొదలవుతుంది, చప్పుడు మాత్రం వారాల తరువాత గానీ బయటపడకపోవచ్చు. కాబట్టి ఇప్పుడు ఏదీ మార్పించవద్దు. వచ్చే సర్వీసులో చక్రాలు పైకి లేపి తిప్పి చూడమని చెప్పండి. ఒకవైపు బేరింగ్ పోయిందంటే రెండో వైపుదీ మార్చాలని కొందరు పట్టుబడతారు, అది బాగుంటే మార్చనక్కర్లేదు. వాటర్ సర్వీసులో ప్రెషర్ పైపును హబ్ మీదికి దగ్గరగా పట్టనివ్వకండి.