ముందు టైరు గురించి రాసే తమ్ముడికి

తమ్ముడూ,

బైకు ముందు టైరు అడ్డదిడ్డంగా అరగడం గురించి నువ్వు పంపిన వ్యాసం చదివాను. విషయం మంచిది. పరకాల నుంచో నర్సంపేట నుంచో రోజూ హన్మకొండకు బండి మీద వచ్చిపోయేవాళ్లకు కచ్చితంగా పనికొస్తుంది. రాసిన తీరుతోనే నాకు పేచీ. మొహమాటపడితే నీకే నష్టం కాబట్టి సూటిగా చెప్తున్నా, నొచ్చుకోకు.

ముందు మొదటి పేజీ కొట్టెయ్. డన్‌లప్ 1888లో గాలి టైరుకు పేటెంట్ తీసుకున్న మాట నిజమే, కానీ మడికొండ దాటగానే హ్యాండిల్ వణికితే బండి పక్కకు ఆపుకున్నవాడికి 1888తో ఏం పని? వాడు కిందికి వంగి టైరు వైపు చూస్తుంటాడు. నీ వ్యాసం అక్కడ మొదలవ్వాలి.

అసలు లోపం రెండో పేజీలో ఉంది. గాలి తక్కువైతే అరుగుతుంది, ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు షాకబ్జరు గొట్టాలు) పాడైతే అరుగుతుంది, బేరింగు పోతే అరుగుతుంది అని కారణాలు వరసపెట్టి చెప్పుకుంటూ పోయావు. చదివేవాడి ముందు కారణం లేదు, టైరు ఉంది. అరుగుదల ఎలా కనిపిస్తుందో, చేత్తో తడిమితే ఎలా తగులుతుందో ముందు చెప్పి, అక్కడినుంచి కారణం దగ్గరికి తీసుకెళ్లాలి. మంచి మెకానిక్ చేసేది కూడా ఇదే, బండి రాగానే పానా పట్టుకోడు, చక్రం తిప్పి చూస్తాడు, తర్వాత నాలుగు ప్రశ్నలు అడుగుతాడు.

'కప్పింగ్' (టైరు గుంటలు గుంటలుగా అరగడం) అని రాసి వదిలేసిన చోటు చూడు. వ్యాసానికి గుండెకాయ అదే, దాన్ని ఒక్క వాక్యంతో దాటేశావు. బండి ఆపి, టైరులో మేకులూ గాజు పెంకులూ లేవని చూసుకుని, అరచేతిని టైరు గ్రిప్ మీద, అంటే రోడ్డుకు ఆనే గాడుల భాగం మీద, ఒక దిక్కుకు మెల్లగా రాయమను, తర్వాత ఎదురు దిక్కుకు. ఒకవైపు నున్నగా జారిపోయి రెండోవైపు రంపం పళ్లలా గీరుకుంటే, ప్రతి గ్రిప్ బ్లాకుకూ (గాడుల నడుమ ఎత్తుగా ఉండే ముక్కకు) ఒక అంచు అరిగి ఇంకో అంచు నిలబడి ఉందన్నమాట. ఎందుకు అలా అంటే, వెనక టైరు బండిని తోస్తుంది, ముందు టైరుకు ఆ పని లేదు, ఆపడం, తిరగడమే దాని పని. బ్రేకు పడ్డప్పుడల్లా దాని బ్లాకులు ఒకే దిక్కుకు వంగి ఒకే అంచు మీద రాసుకుంటాయి. కాబట్టి కాస్త ఇలా ఉండడం మామూలే అని కూడా రాయి, లేకపోతే చదివిన ప్రతివాడూ టెన్షన్ పడి షెడ్డుకు పరిగెత్తుతాడు.

మామూలు కానిది ఏదంటే, చక్రం తిప్పుతూ పోతే ఒక గుంట, ఒక మిట్ట, మళ్లీ గుంట, ఇలా టైరు చుట్టూ కనిపించడం. అంటే చక్రం రోడ్డును పట్టుకుని ఉండకుండా ఎగిరెగిరి పడుతోంది. గాలి తక్కువై ఉండొచ్చు, షాకబ్జర్లలో ఆయిల్ కారిపోయో పాతబడో ఆ ఎగురుడును ఆపలేకపోతుండొచ్చు, వీల్ బ్యాలెన్స్ తప్పి ఉండొచ్చు, కోన్ సెట్టు (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగు) లూజై ఉండొచ్చు. వీటిలో ఏదన్నది టైరు ఒక్కదాన్ని చూసి చెప్పలేం. నువ్వేమో 'కప్పింగ్ ఉంటే ఫోర్కు పోయినట్టే' అని తేల్చేశావు. నీ మాట నమ్మి ఎవడైనా ఫోర్కు విప్పించి, తీరా చూస్తే టైరులో గాలి లేకపోతే నిన్ను తిట్టుకోడా?

ఇంకోటి. 'ఎడమ పక్క కాస్త ఎక్కువ అరగడం సహజం' అన్నావు. ఇది బండి చూసి రాసింది కాదు, ఎక్కడో ఇంగ్లిష్‌లో చదివి దించింది. రోడ్డుకు కుడివైపు బండ్లు నడిపే దేశాల్లో ఆ మాట సరిపోతుంది. మనం ఎడమవైపు నడుపుతాం, మన దగ్గర కుడి పక్కే కొంచెం ఎక్కువ పోతుంది. వాననీళ్లు జారిపోవాలని రోడ్డును నడుమ ఎత్తుగా, అంచులకు వాలుగా వేస్తారు కదా, ఆ ఎడమ వాలు మీద బండిని నిటారుగా నడిపితే ఎత్తు ఉన్న వైపు, అంటే టైరు కుడి పక్క, రోడ్డుకు ఎక్కువ ఆనుతుంది. దానికి తోడు హన్మకొండ చౌరస్తాలో ఎడమకు తిరిగితే చిన్న మలుపుతో అయిపోతుంది, కుడికి తిరగాలంటే వెడల్పుగా చుట్టి రావాలి, అంతసేపూ బండి కుడికే వాలి ఉంటుంది. ఈ రెండింటిలో దేని వాటా ఎంత అనేదాని మీద నువ్వు తీర్పు చెప్పక్కర్లేదు. పార్కింగ్‌లో ఉన్న పాత బండ్ల ముందు టైర్లను వంగి చూడు, చాలు.

కొంచెం తేడా అయితే రోడ్డు మహిమ అనుకోవచ్చు. ఒక పక్క గ్రిప్ నిండుగా ఉండి ఇంకో పక్క బోడి అయిపోతే మాత్రం తప్పు రోడ్డు మీదికి నెట్టకు. అప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న బండి ఎప్పుడైనా కింద పడిందా అని. దీనికి నిజం చెప్పేవాళ్లు తక్కువ, బామ్మర్ది తీసుకెళ్లినప్పుడు ఏమైందో తెలియదంటారు. సరే, ఏం చెప్పినా, తిన్నగా పోయేటప్పుడు హ్యాండిల్ ఒక పక్కకు వంకరగా ఉంటోందా చూడమను. ఉంటే ఫోర్కు మెలిపడి ఉండొచ్చు, లేదా చైను బిగించినప్పుడు వెనక చక్రాన్ని రెండు పక్కలా సమానంగా జరపలేదేమో. చైను అడ్జస్టర్ దగ్గర అటూ ఇటూ గీతలుంటాయి, రెండు పక్కలా ఒకే గీత దగ్గర ఉండాలి. ఇది చూడ్డానికి పైసా ఖర్చు లేదు, ఫోర్కు విప్పితే ఒక పూట పోతుంది. అందుకే వరస ముఖ్యం, ఖర్చు లేనిది ముందు, విప్పాల్సింది చివర.

ఆ లెక్కన గాలితోనే మొదలుపెట్టు. టైరు చల్లగా ఉన్నప్పుడు, అంటే పొద్దున బండి తీయకముందు చూడాలి, నడిపాక చూస్తే వేడికి ఎక్కువ చూపిస్తుంది. చాలా వంద సీసీ బండ్లకు ముందు టైరుకు 25 పిఎస్‌ఐ దరిదాపుల్లో చెప్తారు, కానీ నువ్వు అంకె ఇచ్చి చేతులు దులుపుకోకు, బండి మీద స్టిక్కరో బండితో వచ్చిన పుస్తకమో చూడమను. పంక్చర్ షాపులో 'అన్నా, ముందు ముప్పై, ఎన్క నలబై కొట్టు' అనేవాళ్లు మన దగ్గర చాలామంది, వాళ్ల టైరు నడిమధ్యన పోతుంది. గాలి తక్కువతో తిరిగేవాళ్లకు రెండు అంచులూ పోతాయి. ఒక్కచోటే బల్లపరుపుగా అరిగిందంటే ముందు బ్రేకు గట్టిగా నొక్కి చక్రం లాక్ చేసి జారించారన్నమాట. ఇవన్నీ ఒక పేరాలో అయిపోతాయి, సాగదీయకు.

తర్వాత సెంటర్ స్టాండ్ వేసి, వెనక ఎవరినైనా అదిమి పట్టుకోమని, ముందు చక్రం గాల్లో ఉండగా ఫోర్కు కింది భాగాన్ని రెండు చేతులతో పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగమను. టకటకమని ఆడితే కోన్ సెట్టు లూజు. హ్యాండిల్‌ని మెల్లగా అటూ ఇటూ తిప్పితే నడుమ ఎక్కడో పట్టుకున్నట్టు ఆగితే దాని లోపల గుండ్లు తిరిగే గిన్నెలు గుంటలు పడ్డట్టు. ఇప్పుడు చక్రాన్నే పైనా కిందా పట్టుకుని పక్కలకు ఊపాలి, ఆడితే బేరింగు అనుమానం. చివరికి చక్రం తిప్పి, ఫోర్కుకు ఆనించి ఒక పుల్ల పట్టుకుంటే రిమ్ము వంకర ఉందో లేదో తెలిసిపోతుంది. టైరు మీది బాణం గుర్తు కూడా చూడమను, పంక్చర్ వేశాక తిరగేసి ఎక్కించే సందర్భాలు లేకపోలేదు. ఈ పనులన్నీ నువ్వు నీ బండి మీద చేసి, చేతికి ఏది ఎలా తగిలిందో అదే రాయి. నీ వ్యాసంలో ఇప్పుడు 'పరీక్షించుకోవాలి' అన్న మాట వాక్యానికొకటి ఉంది, ఎలా అన్నది ఒక్కచోటా లేదు.

గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలన్నావు, మన నిబంధనల్లో అది కార్ల లెక్క, టూవీలర్‌కు 0.8. దిద్దుకో.

నీ చివరి పేరా, 'భద్రతే పరమావధి' అన్నది, తీసెయ్. దాని చోట ఒక సంగతి పెట్టు, ఇది చాలామందికి తెలియదు. కోన్ సెట్టు మార్చినా, ఫోర్కు ఆయిల్ పోసినా, ఎత్తుపల్లాలు పడ్డ టైరు తిరిగి నున్నగా కాదు. రొద, వణుకు కొంత ఉంటూనే ఉంటాయి, దాంతో మెకానిక్ మోసం చేశాడని గొడవ. రిపేరు అయ్యాక అదే టైరుతో నడుస్తారా, కొత్తది వేస్తారా అన్నది గుంటలు ఎంత లోతు పడ్డాయో చూసి తేల్చుకోవాలి.

ఫోటోలు మళ్లీ తియ్యి. ఎదురుగా ఫ్లాష్ కొట్టి తీశావు, ఒక్క గుంటా కనిపించడం లేదు. సాయంత్రం ఎండ పక్కనుంచి పడేటప్పుడు తీస్తే ప్రతి బ్లాకుకూ నీడ పడుతుంది. తిరగరాసి పంపు, ఈసారి ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చుంటా.

నీ అన్న