నాసిక్ పాండవలేణి గుహల్ని గైడ్ లేకుండా ఏ వరసలో చూడాలి?

సగం రోజే ఉంది, గైడ్ వద్దు, శాతవాహనుల ఆనవాళ్లు మాత్రం వదలకూడదు అన్నారు కదా. అయితే కొండలో తొలిచిన ఈ బౌద్ధ గుహల్ని 1 నుంచి 24 దాకా నంబర్ల ప్రకారం చూడకండి. ఆ నంబర్లు కొండ మీద గుహలున్న వరసకే గానీ తొలిచిన కాలానికి కావు. కాలం వరసలో 19, 18, 10, 3, 20 అని నడవండి. కాస్త వెనక్కీ ముందుకీ తిరగాలి, అంతే.

నాసిక్ సెంట్రల్ బస్టాండు (సీబీఎస్) నుంచి ముంబై హైవే వైపు 8 కి.మీ. దాకా ఉంటుంది. ఆటోవాళ్లకు ఫాల్కే స్మారకం అన్నా తెలుస్తుంది, కొండ దాని పక్కనే. మెట్లు నింపాదిగా ఎక్కితే 20 నిమిషాలు. మంచినీళ్లు కింద నుంచే పట్టుకెళ్లండి. వానాకాలంలో రాయి జారుతుంది, అరిగిన చెప్పులతో వద్దు. టార్చి తప్పనిసరి. శాసనం మీదికి ఎదురుగా వెలుగు కొడితే గోడంతా చదునుగా కనిపిస్తుంది. పక్కనుంచి ఏటవాలుగా కొడితే గాట్లలో నీడ పడి బ్రాహ్మీ అక్షరాలు తేలతాయి. సుద్ద పూయడం, నీళ్లు చల్లడం అసలు చేయకండి, ఆ రాతకు అదే చేటు.

19వ గుహ చిన్నది, 18కి పక్కనే బాగా కిందికి ఉంటుంది. చాలామంది చూడకుండానే దాటిపోతారు. ఇక్కడున్నవాటిలో పాతది ఇదే. శాతవాహన కుల రాజు కన్హ, అంటే కృష్ణుడి కాలంలో ఒక మహామాత్రుడు (పెద్ద అధికారి) తొలిపించాడని కిటికీ పైన రాసి ఉంది. 18 ఇక్కడున్న ఒకే ఒక్క చైత్యం, అంటే లోపల స్తూపం ఉన్న ప్రార్థన మందిరం. దాని పక్క 17 ఇంద్రాగ్నిదత్తుడనే యవనుడి (గ్రీకువాడి) దానం.

10వది శాతవాహనుల శత్రువైన క్షత్రప రాజు నహపానుడి అల్లుడు ఉషవదాతుడిది. వరండా శాసనంలో లెక్క చూడండి: 2000 కార్షాపణాలు (ఆనాటి నాణేలు) గోవర్ధనం అనే ఊళ్లోని నేతగాళ్ల శ్రేణి (సంఘం) దగ్గర నూటికి నెలకు ఒకటి వడ్డీకి పెట్టాడు. ఏడాదికి 240. ఇరవై మంది భిక్షువులకు తలా 12 చొప్పున బట్టల ఖర్చు సరిగ్గా సరిపోతుంది. మరో 1000 ఇంకో నేత శ్రేణి దగ్గర ముప్పావు వడ్డీకి.

ఆ వెంటనే 3కి వెళ్లాలి, ఎందుకంటే ఆ నహపానుడిని ఓడించిన గౌతమీపుత్ర శాతకర్ణి మాట ఇక్కడుంది. గుమ్మం పైన, వెనక గోడ మీద ఉన్నది తల్లి గౌతమీ బాలశ్రీ శాసనం. కొడుకు పోయాక, మనవడు పులుమావి పాలన 19వ ఏట వేయించింది. అందరూ దీని ముందే ఫొటో దిగి వెళ్లిపోతారు. నన్నడిగితే లోపలికి వెళ్లేటప్పుడు ఎడమ చేతి వైపు, వరండా గోడ మీద కప్పు కిందే ఉన్న రాతలకు ఎక్కువ సమయం ఇవ్వండి. తన పాలన 18వ ఏట గౌతమీపుత్రుడు, ఉషవదాతుడి చేతిలో ఉండిన 200 నివర్తనాల (ఆనాటి భూమి కొలత) పొలం ఈ భిక్షువులకు ఇచ్చాడు. 24వ ఏట మళ్లీ ఉత్తర్వు: ఆ పొలం దున్నేవాళ్లు లేరు, ఊళ్లో మనుషులూ లేరు, కాబట్టి నగరం పొలిమేరలో రాచభూమి 100 నివర్తనాలు ఇవ్వండి అని గోవర్ధనంలోని అమాత్యుడు శ్యామకుడికి. ఈసారి తల్లి కూడా కలిసి ఇచ్చింది. పులుమావి కూడా తాను ఇచ్చిన ఊరు మార్చి మరోటి ఇచ్చాడు. అంటే ఈ గోడ ఆ కాలపు అడంగల్. విజయాల పొగడ్త కన్నా పాలన ఎలా నడిచిందో ఇక్కడే బాగా తెలుస్తుంది.

ఇంకొక పోలిక కూడా ఇప్పుడే చూసుకోండి. 3లో వెనక గోడ మీది స్తూపం చెక్కడం అలాగే ఉంది. 10లో అలాంటి స్తూపాన్నే తర్వాతివాళ్లు భైరవుడిగా మలిచేశారు.

చివరగా 20. బోపకి అనే సన్యాసి మొదలుపెట్టి వదిలేస్తే ఏళ్ల తరబడి అసంపూర్తిగా ఉండిపోయింది. తర్వాతి శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి పాలన 7వ ఏట సేనాధిపతి భవగోపుడి భార్య వాసు పూర్తి చేయించింది. గర్భగృహంలోని పెద్ద బుద్ధుడు మాత్రం శాతవాహనుల నాటిది కాదు, మహాయాన బౌద్ధులు తర్వాత చెక్కింది.